కత్తి దించిన నాయకురాలు

పల్నాడులో పుట్టి పెరిగిన ఏ ఆడపిల్లనైనా అడిగి చూడండి. బ్రహ్మనాయుడు ఎవరో చెబుతుంది. బాలచంద్రుడి పౌరుషం చెబుతుంది. మగువ మాంచాల కథ చెబుతుంది. నాగమ్మ పేరెత్తితే మాత్రం మొహం అదోలా పెడుతుంది. ఊళ్ళో ఏ ఆడమనిషైనా నలుగురిలో గట్టిగా మాట్లాడినా, ఇంటి పెత్తనం తన చేతిలో పెట్టుకున్నా, నాయకురాలు నాగమ్మ వచ్చిందర్రా అని ఎత్తిపొడవడం మనకు అలవాటే. ఎనిమిది వందల ఏళ్ళ పైబడినా ఆమె పేరు తిట్టుగానే మిగిలిపోయింది. ఎందుకని?

యుద్ధం తెచ్చిపెట్టింది కనక అంటారు కొందరు. మోసంతో కోడిపందెం గెలిచింది కనక అంటారు ఇంకొందరు. ఈ రెండూ కాక ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఎవరూ పైకి అనరు. కారెంపూడి రణరంగంలో అందరూ చచ్చిపోతే ఆమె చావలేదు. ఓడిపోయి, కత్తి దించి, బతికింది. చచ్చిన వాళ్ళు దేవుళ్ళయ్యారు. బతికిన మనిషి ముద్దాయి అయింది.

అసలు ఎవరీ నాగమ్మ? ఆమె బతుకు కథ ఒకసారి మొదటినుంచీ చెప్పుకుందాం.

ఆరవెల్లి నుంచి గామాలపాడు దాకా

నాగమ్మ పుట్టిల్లు పల్నాడు కాదు. తెలంగాణలో, ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన ఆరవెల్లి ఆమె సొంత ఊరని చెబుతారు. తండ్రి రామిరెడ్డి. కూతురు చిన్నపిల్లగా ఉండగానే ఆయన బతుకుతెరువు వెతుక్కుంటూ కృష్ణ దాటి, బంధువైన జగ్గారెడ్డి ఉండే జిట్టగామాలపాడు చేరాడట. దాచేపల్లి దగ్గరున్న గామాలపాడు అదే. పిడుగురాళ్ల వాళ్ళకి పక్క ఊరి కిందే లెక్క.

ఆ రోజుల్లో ఆడపిల్లకు ఊహ తెలిసేలోపే పెళ్ళి చేసేవాళ్ళు. నాగమ్మకీ అలాగే చేశారు. మేనరికమే. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. తర్వాత తండ్రీ పోయాడు. ఆ వయసులో వైధవ్యం అంటే ఏమిటో మన ముత్తవ్వల్ని చూసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఒక మూల కూచుని బతుకంతా వెళ్ళదీయాలి. శుభకార్యానికి ఎదురు రాకూడదు. నలుగురిలో నోరెత్తకూడదు.

నాగమ్మ మూల కూచోలేదు. చదువుకుంది. పొలం పనులు చేయించింది. ఆస్తి వ్యవహారాలు తానే చూసుకుంది. ఊళ్ళో తగువులు వస్తే తీర్పు చెప్పేదని, కరువు కాలంలో పదిమందికి అన్నం పెట్టేదని జనం చెప్పుకుంటారు. శివభక్తురాలు. ఆమె పేరు ముందు నాయకురాలు అన్న మాట రాజుగారు బిరుదుగా ఇచ్చింది కాదు, ఊరి జనం పెట్టుకున్నదే అనిపిస్తుంది ఈ కథలన్నీ వింటే.

కొద్ది ఘడియల మంత్రి

అప్పుడు పల్నాటిని ఏలుతున్నది హైహయ వంశపు అనుగురాజు. ఉత్తరాది నుంచి వచ్చిన రాజు. వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవిని పెళ్ళి చేసుకుని, పల్నాటిని అరణంగా పొందాడు. గురజాల రాజధాని. మంత్రి పదవి దొడ్డనాయుడిది, ఆయన తర్వాత కొడుకు బ్రహ్మనాయుడిది.

ఒకసారి రాజు వేటకు పోయి ఎండన పడి తిరిగొస్తున్నాడు. దారిలో గామాలపాడు. రాజుకీ పరివారానికీ నాగమ్మ చలవ పందిళ్ళు వేయించి, దాహం తీర్చి, భోజనాలు పెట్టించింది. అంతమందికి అప్పటికప్పుడు అంత చక్కగా ఏర్పాట్లు చేసిన ఆడమనిషిని చూసి రాజు ఆశ్చర్యపోయాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. నగలడగలేదు, మాన్యం అడగలేదు ఆమె. తనకు ఇష్టమైనప్పుడు కొన్ని ఘడియల పాటు మంత్రిగా అధికారం చేయనివ్వమని అడిగింది. ఆడది, అందులోనూ విధవరాలు, ఏం చేసుకుంటుందిలే అనుకున్నాడో ఏమో, రాజు మాట ఇచ్చి రాసిచ్చాడు.

అనుగురాజు పోయాక మైలమదేవి కొడుకు నలగామరాజు గద్దెనెక్కాడు. నాగమ్మ ఆ పత్రం పట్టుకుని గురజాల కోటకు వెళ్ళింది. ఇచ్చిన మాట తప్పకూడదు గనక నలగాముడు అధికారం అప్పగించాడు. ఆ కొద్ది ఘడియల్లోనే ఆమె తీర్పులు చెప్పిన తీరు, లెక్కలు చూసిన తీరు ఆయనకు నచ్చేసింది. ఘడియలు గడిచాయి గానీ పదవి దిగే పని పడలేదు. కాకతి రుద్రమదేవి సింహాసనం ఎక్కడానికి ఎనభై ఏళ్ళకు ముందే ఒక పల్లెటూరి ఆడమనిషి తెలుగునేల మీద మంత్రాంగం నడిపిందన్న మాట!

ఇక్కడే కథ మలుపు తిరిగింది. బ్రహ్మనాయుడు వైష్ణవుడు, నాగమ్మ శైవురాలు. ఆయన అన్ని కులాల వాళ్ళనీ ఒక్క చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టినవాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా పెంచి సేనాపతిని చేసినవాడు. అంతటి మనిషికి నలగాముడి కొలువులో నాగమ్మ మాట చెల్లడం మింగుడు పడలేదు. ఆమెకు ఆయన పలుకుబడి మింగుడు పడలేదు. దాయాదుల పోరు తోడైంది. అనుగురాజు ఇంకో భార్య కొడుకు మలిదేవరాజు పక్షాన నిలిచాడు బ్రహ్మనాయుడు. రాజ్యం రెండు ముక్కలైంది. గురజాల నలగాముడికి, మాచర్ల మలిదేవుడికి.

కోడిపుంజులు, రాయబారం

ఆ తర్వాతి కథ మీకందరికీ తెలిసిందే. కోడిపందెం పెట్టుకున్నారు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. ఓడినవాళ్ళు రాజ్యం విడిచి ఏడేళ్ళు పోవాలి. చిట్టిమల్లు ఓడింది. మోసం జరిగిందని ఒక పక్షం ఇప్పటికీ అంటుంది. ఏమైతేనేం, మలిదేవుడు, బ్రహ్మనాయుడు తమ వాళ్ళతో, ఆలమందలతో మాచర్ల విడిచి మండాది వైపు వెళ్ళిపోయారు. అక్కడా మందల మీద దాడి జరిగింది. పశువుల కాపరి లంకన్న వాటిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు.

గడువు తీరాక మా రాజ్యం మాకివ్వమని అలరాజును రాయబారం పంపారు. అలరాజు పరాయివాడు కాదు, నలగాముడికి సొంత అల్లుడు. ఆయన తిరుగు దారిలో చర్లగుడిపాడులో విషం పెట్టి చంపేశారు. కూతురు పేరిందేవి భర్తతో పాటే చితి ఎక్కింది. ఈ పాపంలో నాగమ్మ చేయి ఉందని కథ చెబుతుంది. ఆమెను ఎంత వెనకేసుకొద్దామన్నా ఈ ఒక్కచోట నోరు పెగలదు. రాయబారిని చంపడం ఏ కాలంలోనైనా తప్పే. నాగమ్మను దేవతను చేయనక్కర్లేదు. ఆమె పక్కన నిలబడిన మగవాళ్ళ తప్పులు కూడా ఆమె ఖాతాలోనే ఎందుకు రాశారన్నదే మనం అడగాల్సింది. రాజు నలగాముడు. ఆయన తమ్ముడు నరసింగరాజు కూడా ఈ హత్యలో ఉన్నాడని కథే చెబుతుంది. మరి తిట్టు ఎవరి పేరు మీద మిగిలింది?

కారెంపూడి

క్రీ.శ.1182 ప్రాంతంలో నాగులేరు ఒడ్డున కారెంపూడి దగ్గర రెండు సైన్యాలూ దిగాయి. చివరి నిమిషంలో సంధి మాటలు కూడా నడిచాయంటారు. పెద్దవాళ్ళు ఒప్పుకునేలాగే ఉన్నారట. అప్పుడు వచ్చాడు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు. భార్య మాంచాల చేత కత్తి అందుకుని వచ్చిన కుర్రాడు. అలరాజును చంపినవాళ్ళతో సంధి ఏమిటని రేగిపోయాడు. సంధి చెడింది. బాలచంద్రుడు నరసింగరాజు తల తెచ్చాడు. తర్వాత తానూ నేలకొరిగాడు. అన్నదమ్ముల్లా కలిసి పెరిగిన వేర్వేరు కులాల కుర్రాళ్ళంతా ఆయనతో పాటే పోయారు. కన్నమదాసు పోయాడు. మలిదేవుడు పోయాడు. అటు వైపూ అంతే. నాగులేరు నెత్తుటితో పారిందని పాడతారు.

ఆ వీరుల నియమం ఒక్కటే. యుద్ధంలో వెనుదిరగకూడదు, పట్టుబడకూడదు. రణంలో చస్తే వీరస్వర్గం. మన పొలాల గట్ల మీద, ఊరి చివర కనిపించే వీరగల్లులు చూశారా? కత్తి పట్టుకుని ఒకడు పోరాడుతుంటాడు, పైన అప్సరసలు తీసుకుపోతుంటారు. ఆ రాయి చచ్చినవాడికే. లొంగిపోయినవాడికి వీరగల్లు నిలబెట్టే ఆచారం లేదు.

కానీ అందరూ చచ్చేదాకా పోరాడితే యుద్ధం ఆగేదెలా? ఎవరో ఒకరు ఆపాలి గదా! కారెంపూడిలో ఆ పని ఇద్దరు చేశారు. నాగమ్మ మగవాళ్ళతో సమంగా కత్తి పట్టి పోరాడి, తన వైపు ఇక మనిషి మిగలలేదని తెలిశాక ఓటమి ఒప్పుకుందని జనం చెప్పుకునే కథ. బ్రహ్మనాయుడు ఆమెను చంపలేదు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఆయన. చేతిలో కత్తి ఉంది, ఎదురుగా శత్రువు ఉంది. అయినా చంపలేదు. అంతటితో ఆగక నలగామరాజునే మళ్ళీ పల్నాటి గద్దె మీద కూచోబెట్టాడు. తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడు. పిడుగురాళ్ల మండలంలో ఉన్న ఆ గుత్తికొండకు ఏకాదశి నాడు మనవాళ్ళు ఇప్పటికీ వెళ్ళి బిలంలో స్నానాలు చేసి వస్తుంటారు.

శరణన్న వాణ్ణి చంపకూడదన్న నీతి మనకు కొత్తది కాదు. ఆయుధం విడిచినవాణ్ణి, చేతులు జోడించినవాణ్ణి చంపరాదని మనుస్మృతి కూడా చెబుతుంది. ఓడినవాడు నోట గడ్డిపరక కరుచుకుంటే వదిలేయాలన్నది పాత ఆచారం. గడ్డి కరిచాడు అన్న మాటను మనం వెటకారంగా వాడుతున్నాం గానీ, ఆ గడ్డిపరక ఎన్ని ఇళ్ళ దీపాలు నిలబెట్టిందో!

సముద్రం అవతల అదే కాలంలో

విచిత్రం చూడండి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే జపాన్‌లోనూ ఇలాంటి దాయాదుల పోరే జరిగింది. 1180 నుంచి 1185 వరకు తైరా, మినమోతో అనే రెండు వంశాలు కొట్టుకున్నాయి. అక్కడి వీరులు సమురాయ్‌లు. సమురాయ్ అంటే మనకు తెలిసింది ఒక్కటే. చస్తాడు గానీ లొంగడు, పట్టుబడేలా ఉంటే కడుపు చీల్చుకుంటాడు అని.

నిజంగా అందరూ అలాగే చేశారా అంటే, లేదు. 1184లో ఇచినోతని యుద్ధంలో తైరా షిగెహిర అనే సేనాని గుర్రం దెబ్బతినడంతో ప్రాణాలతో పట్టుబడ్డాడు. 1185లో దన్నోఉర దగ్గర ఆఖరి పోరు సముద్రం మీద జరిగింది. తైరా వాళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎందరో నీళ్ళలోకి దూకేశారు. ఆరేళ్ళ పసివాడు అంతోకు చక్రవర్తిని ఎత్తుకుని అమ్మమ్మే దూకేసింది. కానీ ఆ వంశానికి పెద్ద దిక్కయిన మునెమోరి, ఆయన కొడుకు మాత్రం ప్రాణాలతో దొరికిపోయారు. షిగెహిరకు, ఆ తండ్రీకొడుకులకు తర్వాత మరణశిక్ష పడింది. 1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన ఇషిద మిత్సునారి కూడా కడుపు చీల్చుకోలేదు. కొన్నాళ్ళు దాక్కుని పట్టుబడ్డాడు, శిక్షకు గురయ్యాడు. ఓడినవాళ్ళు గెలిచినవాడి కొలువులో చేరిపోవడం కూడా అక్కడ మామూలే. లొంగడమే మహా పాపం అన్న మాట ఆ తర్వాతి కాలంలో బాగా గట్టిపడింది. 1941లో జపాన్ ప్రభుత్వం తన సైనికులకిచ్చిన నియమావళిలో ప్రాణాలతో పట్టుబడి అవమానం పడొద్దని రాసింది. దాని ఫలితంగా రెండో ప్రపంచ యుద్ధంలో ఎంతమంది తల్లులకు కడుపుకోత మిగిలిందో లెక్కలేదు.

ఆ 1185 యుద్ధంలోనే ఇంకో మనిషి ఉంది. పసి చక్రవర్తి కన్నతల్లి తొకుకో. ఆమె కూడా సముద్రంలో దూకింది. శత్రువులు జుట్టు పట్టి పైకి లాగారు. చావనివ్వలేదు. కొడుకును, తల్లిని కళ్ళముందే పోగొట్టుకున్న ఆమె సన్యాసినిగా మారి, క్యోటో దగ్గర ఒహర అనే కొండపల్లెలోని చిన్న ఆశ్రమంలో బతికింది. ఆమె బతుకు గురించి జపాన్ వాళ్ళు శతాబ్దాలుగా కన్నీళ్ళతో చెప్పుకుంటున్నారు. బతికినందుకు ఆమెను తిట్టలేదు.

మన వైపు బొబ్బిలి ఉంది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు కోట గోడలు కూలుస్తుంటే, శత్రువు చేతికి చిక్కకూడదని బొబ్బిలి వీరులు తమ ఆడవాళ్ళనీ పిల్లలనీ తామే చంపుకున్నారు. దాన్ని పౌరుషంగా పాడుకుంటాం. పాడుకోవద్దని ఎవరూ అనరు. ఆ ఆడవాళ్ళను ఎవరైనా ముందుగా అడిగారా అన్న ప్రశ్న మాత్రం ఏ పాటలోనూ వినపడదు.

బతికిన తర్వాత

మరి నాగమ్మ ఏమైంది? యుద్ధం తర్వాత అధికారం మీద మనసు విరిగి, శివధ్యానంలో పడి, చివరికి పుట్టిన ఊరు ఆరవెల్లి చేరిందని ఒక కథ. ఏ వైపు నుంచి విన్నా, మళ్ళీ కత్తి పట్టిందని గానీ, పగ తీర్చుకోవాలని చూసిందని గానీ ఎవరూ చెప్పరు. ఆమె లొంగుబాటు మాటవరసకు చేసింది కాదని దాన్నిబట్టే తెలుస్తోంది.

యుద్ధం వల్ల ఎవరికి ఏం ఒరిగిందో కూడా చూడాలి. పల్నాటి వంశం మళ్ళీ తలెత్తలేదు. అండగా నిలిచిన వెలనాటి చోడులు కూడా బలం ఉడిగిపోయారు. కొన్ని దశాబ్దాలు తిరక్కుండానే కాకతి గణపతిదేవుడు తీరాంధ్రను గెలుచుకున్నాడు. అన్నదమ్ములు పంచుకోలేని రాజ్యం ఆఖరికి ఇద్దరికీ దక్కలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మనదాకా వచ్చిన కథ ఎవరు చెప్పింది? కారెంపూడి వీరుల గుడి దగ్గర తరతరాలుగా పాడే విద్యావంతులు బ్రహ్మనాయుడి పక్షపు వీరులను దేవుళ్ళుగా కొలిచేవాళ్ళు. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసిన శ్రీనాథుడు యుద్ధం జరిగిన దాదాపు రెండు వందల ఏళ్ళకు పుట్టినవాడు. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘైర్ విద్యావంతుల పాటను రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. వీటన్నింటిలో బ్రహ్మనాయుడి వైపు గొంతే వినిపిస్తుంది. నాగమ్మ పక్షాన పాడినవాళ్ళ గొంతు మనదాకా రాలేదు. గెలిచినవాళ్ళ కథలో ఓడిన ఆడమనిషి మంచిగా ఎలా కనిపిస్తుంది చెప్పండి?

సినిమాలు వచ్చాక కాస్త మార్పు వచ్చింది. 1947 నాటి పల్నాటి యుద్ధంలో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేషం వేశారు. ఇద్దరూ హేమాహేమీలే. తెర మీద ఆ ఠీవి చూసి, ఈమె ఇంత గొప్పదా అని జనం ముక్కున వేలేసుకున్నారు. దుర్మార్గురాలి పాత్రే అయినా నాగమ్మ తెలివినీ ధైర్యాన్నీ కాదనలేకపోయారు.

ఇప్పటికీ ప్రతి ఏటా కార్తీక అమావాస్యతో మొదలుపెట్టి కారెంపూడిలో అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరా వంశపారంపర్యంగా దాచిన వీరుల ఆయుధాలు, కొణతాలు, పట్టుకుని ఆచారవంతులు వస్తారు. పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ఆ జనంలో ఎంతోమంది ఆడవాళ్ళు బిడ్డల్ని చంకనేసుకుని వస్తారు. అంతా అయ్యాక వీరుల కథ బిడ్డలకు చెప్పేది వాళ్ళే.

పల్నాడు పేరెత్తగానే పౌరుషం అంటారు. పంతాల కోసం, పార్టీల కోసం తలలు పగలగొట్టుకున్న రోజులు మన కళ్ళముందే జరిగాయి. భర్తలు, కొడుకులు పోయి పొలమూ ఇల్లూ ఒంటిచేత్తో లాక్కొచ్చిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పంతం ఎవరిదైనా చివరికి వంట చేయాల్సింది, అప్పు తీర్చాల్సింది, పిల్లల్ని పెంచాల్సింది వాళ్ళే.

అందుకే బాలచంద్రుడి కథ చెప్పండి, చెప్పొద్దని కాదు. దానితో పాటు ఆఖరి రోజు సంగతి కూడా చెప్పండి. పంతం కట్టి అంతమందిని పోగొట్టుకున్న ఒక ఆడమనిషి ఓటమి ఒప్పుకుని కత్తి కింద పెట్టిందని, కొడుకు చచ్చిన ఒక తండ్రి ఆ కత్తిని తిరిగి ఎత్తలేదని చెప్పండి. ఆ రోజు మిగిలిన ఆ కాస్త జనం, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు... పల్నాడు మళ్ళీ ఊళ్ళు కట్టుకున్నది వాళ్ళతోనే గదా!